ఏడో నంబరు మెదడు

ఎనిమిదిన్నరకల్లా ప్రయోగశాలలో ఉండాలని పరిశోధకుడు హడావుడిగా చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. సిగరెట్ల అలవాటు మెదడులో ఎలా పాతుకుపోతుందో కనిపెట్టడం అతని ఉద్యోగం. అందుకోసం ఎలుకలకు సిగరెట్లలోని నికోటిన్ అలవాటు చేస్తాడు. ఎలుక మీట నొక్కితే లైటు వెలిగి, దానికి ఒక మోతాదు అందుతుంది. ఎలుక పేరెత్తితే మంచమెక్కే తల్లికి మాత్రం, "జనాల చేత సిగరెట్లు మాన్పించే పనమ్మా" అని చెప్పుకున్నాడు.

ఇంతలో ప్రయోగశాల నుంచి ఫోను.

"ఏంటీ, ఏడో నంబరు మళ్లీ మొదలెట్టిందా? మూడు వారాలు మాన్పించాం కదయ్యా! లైటు చూడగానే ఎగబడిందా? సరే, మధ్యాహ్నం మత్తిచ్చి మెదడు బయటికి తీసేద్దాం."

వంటింట్లో తల్లి చేతిలోని గరిటె జారిపోయింది. ఏడో నంబరంటే ఎదురు ఫ్లాటు. అందులో ఉండేది లెక్కల టీచరు. నిన్న సాయంత్రం కూడా మెట్ల మీద నవ్వుతూ పలకరించిన పిల్ల!

కొడుకు గడప దాటగానే ఆవిడ వెళ్లి ఎదురు తలుపు బాదింది.

"అమ్మాయ్, ఇవాళ మావాడి కంట పడకు. నువ్వు మళ్లీ మొదలెట్టావని వాళ్ల ఆఫీసంతా తెలిసిపోయింది!"

టీచరు ముఖం పాలిపోయింది. "ఎవరు చెప్పారు పిన్నిగారూ? రోజుకి రెండే! అదీ ఆయన స్నానానికెళ్లినప్పుడు..."

"రెండైనా సరే, మెదడు తీసేస్తారట!"

సరిగ్గా అప్పుడే, మరిచిపోయిన కళ్లజోడు కోసం పరిశోధకుడు మెట్లెక్కి వచ్చాడు. టీచరు గబుక్కున లోపలికెళ్లి, సిగరెట్ ప్యాకెట్టు తెచ్చి అతని చేతిలో కుక్కింది.

"మానేస్తాను సార్. మెదడు జోలికి మాత్రం రాకండి!"

అతను ప్యాకెట్టునీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. "ఎవరి మెదడు?"

"నటించకురా! ఫోన్లో ఏడో నంబరన్నావు, నేను విన్లేదా?"

"అమ్మా! ఏడో నంబరంటే ఎలుక!"

తల్లి కెవ్వుమని చెప్పుల స్టాండు ఎక్కేసింది. టీచరు కాసేపు ఆలోచించి, నెమ్మదిగా చెయ్యి చాచింది. "అయితే అది ఇటిచ్చెయ్యండి."

అప్పుడే తల తుడుచుకుంటూ ఆమె భర్త బయటికొచ్చాడు. సిగరెట్లు మానేసి రెండేళ్లయిందని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకునే మనిషి.

"ఇది నాది కదా! రోజూ రెండు తగ్గిపోతున్నాయేంటా అని..." అనేసి నాలుక కరుచుకున్నాడు.

ఎవరు ఎవరిని నిలదీయాలో అక్కడ ఎవరికీ పాలుపోలేదు. ప్యాకెట్టు ఎవరికివ్వాలో తెలియక పరిశోధకుడు దాన్ని గాల్లోనే పట్టుకుని నిలబడ్డాడు. చివరికి భర్తే దాన్ని అందుకున్నాడు. మొగుడూ పెళ్లాం లోపలికెళ్లి తలుపేసుకున్నారు.

ఇక కురుక్షేత్రమేనని తల్లి చెప్పుల స్టాండు దిగి, తలుపుకి చెవి ఆనించింది.

లోపల ఒకే ఒక్క అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది.