గోల్‌పోస్టుకు దిష్టి

"ప్రపంచస్థాయి ఐస్ హాకీ తార ఐజక్‌ను విమర్శకుల కుట్రల నుంచి కంటికి రెప్పలా కాపాడుకుంటాం" అని దుబాయ్ కరామాలోని ఒక టిఫిన్ హోటల్ మేడమీద రాధాకృష్ణగారు ప్రకటించిన పూట, ఆ ప్రపంచస్థాయి తార సత్వా పేటలోని తన ఫ్లాటులో వంటింటి సింకు కింద దూరి కారుతున్న పైపు బిగిస్తున్నాడు. తల్లి కృపాకుమారి టార్చిలైటు పట్టుకుని నిలబడింది.

ప్రకటన ఫోనుకు వచ్చింది. ఆమె రెండుసార్లు చదివింది. ఆస్పత్రిలో ఇరవై రెండేళ్ళుగా నర్సు. ఏ కాగితమైనా రెండుసార్లు చదివితేగాని సూది ముట్టుకోని మనిషి.

"నిన్ను విమర్శించింది ఎవర్రా?"

"వాట్సాప్ గ్రూపులో శశాంక్ అని ఎవరో ఉన్నాడు మమ్మీ. పోయిన మ్యాచ్‌లో ఏడు గోల్స్ వదిలేశానని రాశాడు."

"వదిలేశావా?"

"తొమ్మిది."

రాధాకృష్ణగారు పార్టీ గల్ఫ్ విభాగానికి అధ్యక్షులు. ఆ దేశంలో పార్టీ జెండా ఎత్తకూడదు కాబట్టి విభాగాన్ని సాంస్కృతిక సమితి అంటారు. అందులో ఎవరైనా పాట పాడగా విన్నవాళ్ళు లేరు. పగలు ఒక కంపెనీలో హెచ్ఆర్ మేనేజరు. ఇటువైపు ఎవరూ కర్ర ఎత్తకముందే అటువైపు డాలు పట్టుకుని సిద్ధంగా ఉండే ముందుచూపు ఆయనది. నెల తిరిగేసరికి ఊరి నుంచి పార్టీ పెద్దాయన దుబాయ్ పర్యటనకు వస్తున్నారు. ఆయనకు చూపించడానికి ఒక ఉద్యమం కావాలి. ఉద్యమానికి ఒక బాధితుడు కావాలి. శశాంక్ రాసిన ఆ ఒక్క వాక్యం దేవుడిచ్చిన వరంలా దొరికింది.

కృపాకుమారి దిగులు వేరు. వచ్చే నెలలో ఐజక్‌కు ఇరవై అయిదు నిండుతాయి. నిండితే అమ్మ వీసా మీద కొడుకు ఉండటానికి లేదు. క్లబ్బులో పిల్లలకు ఆట నేర్పే ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. శుక్రవారం మ్యాచ్ చూసి పెద్ద కోచ్ మనిషిని ఎంచుకుంటాడు, సాయంత్రమే విమానమెక్కి పోతాడు. ఉద్యోగమొస్తే వీసా, వీసా వస్తే కొడుకు. 2020లో భర్త జాన్‌బాబు కరోనా ప్రత్యేక విమానంలో ఊరికి వెళుతూ రెండు నెలలన్నాడు. తరవాత ఊరి నుంచి ఫోను వచ్చింది గాని మనిషి రాలేదు. అప్పటి నుంచి ఆమె ఎవరినీ సాగనంపడానికి విమానాశ్రయానికి వెళ్ళదు.

మరునాడు సమితి శాలువాతో ఫ్లాటుకు వచ్చింది. ఐజక్ ప్రాక్టీసుకు పోయాడు. సమయానికి తగినట్టు నడుచుకోవడం నాయకుడి లక్షణం. రాధాకృష్ణగారు గోడకున్న పాత హెల్మెట్‌కు శాలువా కప్పి ఫొటో దిగారు.

మహిళా కార్యదర్శి ఆమని బ్యానరు విప్పింది. దానిమీద ఇనపకడ్డీల మాస్కులో ఐజక్ నిలువెత్తు బొమ్మ.

"ముఖం కనపడట్లేదండీ" అంది ఆమని.

"గోల్‌కీపరుకి ముఖమెందుకమ్మా? మాస్కే ముఖం" అన్నారు అధ్యక్షులవారు.

కృపాకుమారి టీ ఇచ్చి, చేతులు కట్టుకుని అడిగింది. "సార్, ఈ ఉద్యమాలవీ మాకొద్దండీ. మీ కంపెనీలో మావాడికేదైనా చిన్న ఉద్యోగం చూడండి. స్టోర్‌లోనైనా సరే."

ఆయన టీ కప్పు కింద పెట్టారు. "సిస్టర్, ప్రపంచస్థాయి తారని స్టోర్ కీపర్‌గా పెడితే విమర్శకులు ఏమనుకుంటారు? ముందు పరువు. ఉద్యోగాలదేముంది, వస్తాయి పోతాయి."

"వీసా పోతే రాదండీ."

"రాసుకోమ్మా ఆమనీ" అన్నారాయన. "తల్లి కన్నీటితో మద్దతు తెలిపింది."

శుక్రవారం పొద్దున మాల్‌లోని ఐస్ రింకుకు సమితి పన్నెండుమంది వచ్చారు. ఒక బూడిద గుమ్మడికాయ, ఎండుమిరపకాయలు, పది కిలోల రాళ్ళుప్పు తెచ్చారు. విమర్శ కూడా ఒక రకం దిష్టేనని, దిష్టికి మందు ఉప్పేనని రాత్రికి రాత్రే తీర్మానం అయిందట. ఐజక్ లోపల ప్యాడ్లు కట్టుకుంటున్నాడు. అందుకని వాళ్ళు అతను నిలబడే గోల్‌పోస్టుకే దిష్టి తీశారు. కుడి నుంచి మూడుసార్లు, ఎడమ నుంచి మూడుసార్లు.

ఐస్ నున్నగా చేసే బండి నడిపే అమీర్ జాన్ పరుగెత్తుకొచ్చాడు. "సాబ్, నమక్ మత్ డాలో. ఐస్ ఖలాస్ హో జాయేగా."

"భాయ్, యే హమారా సంస్కృతి హై" అన్నారు రాధాకృష్ణగారు ఎంతో మర్యాదగా.

"సంస్కృతి బాహర్ కరో సాబ్. ముదీర్ మేరేకో నికాల్ దేగా." మేనేజరు తన ఉద్యోగం పీకేస్తాడని అతని గోల.

కృపాకుమారి గ్యాలరీ మెట్లు దిగి వచ్చింది. "సార్, ఉప్పేస్తే కరిగిపోతుందండీ."

"కరగాలనే కదమ్మా వెయ్యడం. తిప్పిన ఉప్పు నీళ్ళలో కలిపితేనే దిష్టి పోయేది. ఐస్ అంటే నీళ్ళే కదా."

ఆ తర్కానికి ఎదురులేదు. పన్నెండుమంది తలా నాలుగు గుప్పిళ్ళు విసిరారు. ఆఖరున గుమ్మడికాయ పగిలింది.

పావుగంటలో గోల్‌పోస్టు ముందు ఇడ్లీ ప్లేటులా గుంటలు పడ్డాయి. ఐజక్ బయటికొచ్చి, మాస్కు తియ్యకుండా అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని గుంటలో వేలు పెట్టి చూశాడు. రిఫరీ చుట్టూ ఒకసారి తిరిగి పుస్తకంలో ఏదో రాశాడు. మళ్ళీ ఐస్ గట్టిపడేది రాత్రికేనన్నాడు అమీర్ జాన్. మ్యాచ్ రద్దయింది. పెద్ద కోచ్ గడియారం చూసుకున్నాడు, ఐజక్‌కు చెయ్యిచ్చాడు, వచ్చే సీజన్‌లో చూద్దామన్నాడు. అంతకుముందు రోజు కోచ్ ఎవరి ఆట చూశాడో ఆ వేరే కుర్రాడికి ఉద్యోగం పోయింది.

సాయంత్రం పత్రికలకు ప్రకటన వెళ్ళింది. "సమితి రక్షణ ఫలించింది. నేడు ఐజక్ మీద ఒక్క గోల్ కూడా పడలేదు." అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఆమె రెండుసార్లు చదివింది.

వీసా ముగిసి ఐజక్ ఊరికి వెళ్ళే పొద్దున సింకు కింద పైపు మళ్ళీ కారింది.

"వదిలెయ్యరా, టైమవుతోంది."

"నేను పోయాక ఎవరు బిగిస్తారు మమ్మీ?"

రెంచి జారి బొటనవేలు తెగింది. కృపాకుమారి కడిగి కట్టు కట్టింది. టేపు కొసను, విప్పేటప్పుడు గోటితో వెతుక్కోనక్కర్లేకుండా, కొంచెం లోపలికి మడిచి అంటించింది. ఇరవై రెండేళ్ళుగా ఏ కట్టయినా అలాగే ముగిస్తుంది. టాక్సీ దాకా వచ్చి ఆగిపోయింది.

"ఎయిర్‌పోర్టుకు రావా?"

"డ్యూటీ ఉంది" అంది. డ్యూటీ మధ్యాహ్నం నుంచి.

ఆ పొద్దున్నే పార్టీ పెద్దాయన కూడా పర్యటన ముగించుకుని వెళ్ళిపోతున్నారు. సమితి యావత్తూ విమానాశ్రయానికి వెళ్ళింది. మరునాడు ఆమె ఫోనులో పేపరు తెరిచింది. మొదటి పేజీలోనే విమానాశ్రయంలో వీడ్కోలు ఫొటో. నడుమ పెద్దాయన, పక్కన రాధాకృష్ణగారు, వెనక మాస్కు బొమ్మ బ్యానరు. ఐజక్ రక్షణ ఉద్యమ విజయాన్ని అధ్యక్షులు నేతకు వివరించారట. తార కఠిన శిక్షణలో ఉన్నందున సభకు రాలేకపోయారని, ఆయన తరఫున సమితి క్షమాపణ కోరిందని రాశారు. కింద సన్నక్షరాల్లో పేర్లు: ఆమని, సుజిత్, బ్యానరు పట్టుకున్న స్థానిక కార్యకర్త.

కార్యకర్త ముఖం సగం బ్యానరు వెనక ఉంది. కాళ్ళ దగ్గర ట్రాలీ, దానిమీద రెండు పెట్టెలు.

ఆమె రెండు వేళ్ళతో ఫొటోను పెద్దది చేసింది. బ్యానరు అంచు పట్టుకున్న బొటనవేలికి తెల్లకట్టు ఉంది. టేపు కొస కొంచెం లోపలికి మడిచి ఉంది.