మంత్రిగారి పేజీలో కలిసిన కల్వర్టు

"నాయకుడొక్కడే, పేజీ ఒక్కటే!" అని రోడ్లు, వంతెనల శాఖ మంత్రిగారు ప్రకటించిన రోజు నేను ఆ హాల్లోనే ఉన్నాను. నన్నెవరూ పిలవలేదు. విలేకరులకు పంచే కాగితాలు జిరాక్స్ తీసి పట్టుకెళ్ళింది నేనే కాబట్టి చివరి వరసలో ఓ కుర్చీ దొరికింది. ఎంత గొప్ప ప్రకటనండీ అది! రోడ్లు వేస్తామన్న రోజున కూడా అన్ని చప్పట్లు పడలేదు.

సంగతేమిటంటే, సోషల్ మీడియాలో "మన మంత్రిగారు" అనే పేరుతో బోలెడు పేజీలున్నాయి. ఒకటి ఆఫీసుది, ఒకటి యువజన విభాగానిది, ఒకటి డ్రైవరుది. ఇంకోటి మంత్రిగారి అల్లుడిది. అందులో మంత్రిగారి కంటే అల్లుడే ఎక్కువ కనిపిస్తాడు. జనం ఎటు తిరిగి దండం పెట్టాలో తెలీక తికమక పడుతున్నారని మంత్రిగారి ఆవేదన.

"నా మీది అభిమానం ముక్కలైపోయింది. ఆ ముక్కలన్నిటినీ ఒక్కటి చేసేదాకా నిద్రపోను!" అన్నారు. అనేసి, తర్వాతి ఉపన్యాసం జరుగుతున్నంతసేపూ కళ్ళు మూసుకుని ఆలోచించారు.

ఈ మహాకార్యం వచ్చి మా బామ్మర్ది నెత్తిన పడింది. మంత్రిగారి దగ్గర సోషల్ మీడియా ఇన్‌చార్జి వాడే. పనిమంతుడు. డ్రైవరుకి ఒక రోజు సెలవిప్పించి వాడి పేజీని కలిపేశాడు. యువజన విభాగానికి రెండు ఫ్లెక్సీలు ఎక్కువిస్తానన్నాడు. అల్లుడి సంగతి మంత్రిగారి శ్రీమతికి అప్పజెప్పాడు. ఆవిడ ఫోన్లో ఏమన్నారో తెలీదు గానీ, అల్లుడు ఆ పూటే పాస్‌వర్డు పంపేశాడు.

చివరికి ఒక్క పేజీ మిగిలింది. అది టైలరక్కది.

మా సందు చివర మురుగుకాలవ ఉంది, దాని మీద ఒక కల్వర్టు. ఇవతలి గట్టున నా జిరాక్స్ షాపు, అవతలి గట్టున టైలరక్క షాపు. పోయిన వానాకాలంలో కల్వర్టు నడుముకి విరిగి కాలవలో పడింది. అప్పట్నుంచీ ఆమె దగ్గరికి వెళ్ళాలంటే మార్కెట్టంతా చుట్టి రావాలి. ప్యాంటు అంచు మడత పెట్టించుకోవడానికి అంత దూరం ఎవడు నడుస్తాడు చెప్పండి? వెళ్ళేసరికి పొడుగున్న అంచు అదే అరిగిపోతుంది. గిరాకీ పోయింది. ఉన్న రెండు మిషన్లలో ఒకటి అమ్మేసింది. రెండోది అమ్మితే ఇక షాపుకి బోర్డు ఒక్కటే మిగులుతుంది.

మొదట తన పేరు మీదే గోడు పెట్టుకుంది. ఒక్కరూ చూడలేదు. దాంతో "మన మంత్రిగారు" అని పేజీ తెరిచి, మంత్రిగారి నవ్వుమొహం పెట్టి, కింద రోజూ కల్వర్టు ఫొటో వెయ్యడం మొదలెట్టింది. "మంత్రిగారు క్షేమం. కల్వర్టు యథాతథం." "ఈ రోజు కాలవలో పడినవి: ఒక చెప్పు, ఒక గొడుగు, ఒక ఇన్సూరెన్సు ఏజెంటు. ఏజెంటును పైకి తీశాం." ఇలా. విరిగిన కల్వర్టు లేని ఊరుంటుందా? జనం ఎగబడ్డారు. అభిమానులు లక్ష దాటారు.

మా బామ్మర్ది నా షాపు ముందు నిలబడి కాలవ మీంచి కేకేశాడు.

"అక్కా! ఆ పేజీ మాకిచ్చెయ్యి!"

"కల్వర్టివ్వు, ఇచ్చేస్తా!" మెళ్ళో టేపు వేసుకుని అవతల గట్టు మీదికొచ్చింది టైలరక్క.

"అది నా చేతిలో లేదక్కా. డిపార్ట్‌మెంటు చూసుకోవాలి."

"ఆ డిపార్ట్‌మెంటు ఎవరిది?"

"మంత్రిగారిది."

"పేజీ మీద మొహం ఎవరిది?"

"మంత్రిగారిదే."

"మరి మధ్యలో నువ్వెందుకు గొంతు చించుకుంటావు? ఆయన్నే పంపు."

మంత్రిగారు నిజంగానే వచ్చారు! ఎంత నిరాడంబరులండీ, మూడే మూడు కార్లు. కాలవ గట్టున నిలబడి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "చెల్లెమ్మా! పేజీలు కలిసిన మర్నాడే పని మొదలు. ఇది నా మాట" అన్నారు. రుమాలు లోంచి రావడం వల్ల ఆ మాట కొంచెం దూరం నుంచి వచ్చినట్టుంది గానీ, మాట మాటే. వెనకాల ఇంజినీరు టేపు లాగి కొలతలు కూడా తీసుకున్నాడు. టైలరక్క మొహం వెలిగింది.

"అన్నయ్యా, విన్నారుగా? మీరే సాక్షి" అంది నాతో. ఆ సాయంత్రమే పేజీ మీద సర్వహక్కులూ బామ్మర్దికి రాసిచ్చేసింది.

కలిపే ముహూర్తం మంత్రిగారి చాంబర్లో. గుర్తింపు కాగితాలు స్కాన్ చేసి పట్టుకెళ్ళానని నన్నూ ఓ మూల నిలబడనిచ్చారు. గోడకి పెద్ద టీవీ, దానికి లాప్‌టాప్ తగిలించారు. ఓ పక్క ఆఫీసు పేజీ: రిబ్బను కట్ చేస్తున్న మంత్రిగారు, శాలువా కప్పించుకుంటున్న మంత్రిగారు, ఆ శాలువానే ఇంకొకరికి కప్పుతున్న మంత్రిగారు. ఇంకో పక్క టైలరక్క పేజీ. బామ్మర్ది "కలుపు" అని నొక్కబోయేసరికి తెర మీద ఓ హెచ్చరిక వచ్చింది. అభిమానులు ఎక్కువున్న పేజీయే మిగులుతుంది, తక్కువున్న పేజీలో ఫొటోలన్నీ శాశ్వతంగా పోతాయి, వెనక్కి రావు అని.

బామ్మర్ది చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఏంటయ్యా ఆలోచిస్తున్నావు?" అన్నారు మంత్రిగారు.

"అంటే... ఎక్కువ జనమున్నదే మిగులుతుందట సార్."

"మంచిదేగా! మనకి పది లక్షలన్నావుగా పోయిన వారం?"

"ఈ పాటికి పదకొండై ఉంటుంది సార్" అన్నాడు పీఏ, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

అసలు లెక్క నాకు తెలుసు. ఓ రోజు అన్నం తింటూ వాడే చెప్పాడు. నాలుగు వేలు. అందులో సగం మంది సర్క్యులర్ వచ్చాక లైక్ కొట్టిన డిపార్ట్‌మెంటు సిబ్బంది.

వాడు నా వంక చూశాడు. నేను ఫ్యాను వంక చూశాను. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, బటన్ నొక్కితే పేజీ పోతుంది. పేజీ మంత్రిగారిది, ఉద్యోగం వాడిది. నొక్కేశాడు.

చక్రం తిరిగి తిరిగి ఆగింది. పైన మంత్రిగారి నవ్వుమొహం. కింద కల్వర్టు. దాని కింద కల్వర్టు. ఇంకా కిందికి వెళితే వానలో కల్వర్టు, ఎండలో కల్వర్టు, చెప్పుతో కల్వర్టు.

"నా రిబ్బన్లేవిరా?" అన్నారు మంత్రిగారు.

"కలిసిపోయాయి సార్."

"దేంట్లో?"

బామ్మర్ది తెర వైపు చూపించాడు. మంత్రిగారు చేతిలోని గ్లాసు ఎత్తారు. దాన్ని తాగడానికి ఎత్తారో విసరడానికి ఎత్తారో తేలేలోపే ఫోను మోగింది. పార్టీ పెద్దాయన! మంత్రిగారు లేచి నిలబడి చెవికి పెట్టుకున్నారు. పెద్దాయన గొంతు పెద్దది. మూలనున్న నాకూ వినపడింది.

"ఏమయ్యా, నీ పేజీ చూశాను! సొంత శాఖ కల్వర్టు విరిగిపోయిందని సొంత పేజీలో నువ్వే రోజూ వేసుకుంటున్నావా? ఎంత గుండెరా నీది! లక్ష మంది! వచ్చే మహాసభలో నీకే సత్కారం. ఇదే కొనసాగించు!"

"తమ ఆశీర్వాదం" అన్నారు మంత్రిగారు. గ్లాసులో నీళ్ళు తాగి మెల్లగా కూర్చున్నారు. ఒక మనిషి ఒక్క ఫోన్‌కాల్‌లో అంత ఎదగడం నేనెక్కడా చూడలేదు.

మర్నాడు పొద్దున్నే ఇంజినీరు సిమెంటు లారీతో దిగాడు. మాట అంటే మాట! టైలరక్క గట్టున నిలబడి చూస్తోంది. ఇంజినీరుకో ఫోనొచ్చింది. లారీ వెనక్కి తిరిగింది. అదే రోడ్డున మంత్రిగారి కార్లు వచ్చాయి. ఆయన విరిగిన కల్వర్టు పక్కన దిగాలుగా నిలబడ్డారు, బామ్మర్ది ఫొటో తీశాడు. ఆ మర్నాడూ అంతే. తర్వాత కల్వర్టు చుట్టూ తాడు కట్టారు, ఎవరూ బాగుచెయ్యకుండా ఓ కానిస్టేబుల్ని కూడా వేశారు.

"సార్! మాటిచ్చారు కదండీ!" అని అరిచింది టైలరక్క అవతల్నుంచి. "కల్వర్టేదండీ?"

"అదే చెల్లెమ్మా నేనూ రోజూ అడుగుతున్నది!" మంత్రిగారి గొంతు బొంగురుపోయింది. "ఇద్దరం కలిసి అడుగుదాం!"

"ఎవర్నండీ?"

"ప్రభుత్వాన్ని!"

చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను, ఆపుకోలేకపోయాను.

కల్వర్టు చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం రావడం మొదలెట్టారు. సెల్ఫీ దిగుతారు, వెళ్ళిపోతారు. "ఇంత మంది వస్తున్నారు అన్నయ్యా, ఒక్కరూ దాటరు" అంది టైలరక్క. మిషను కొనేవాళ్ళెవరైనా ఉంటే చూడమని కూడా అంది.

అంతలో మహాసభ దగ్గరపడింది. సత్కారానికి కొత్త కోటు కావాలి. "బాధితురాలి చేతి కోటే తొడుక్కుంటా!" అన్నారు మంత్రిగారు. కార్లు మార్కెట్టంతా చుట్టి వెళ్ళడం కష్టమని, ఇటు నుంచే దాటతామన్నారు. టైలరక్క గబగబా లోపలికెళ్ళి, బట్ట కత్తిరించే బల్ల కాళ్ళు ఊడదీసి, పై చెక్కని కాలవ మీద వేసింది. మంత్రిగారు దాని మీద నడిచి వెళ్ళారు. ఛాతీ కొలత, భుజం కొలత, చేతుల పొడవు ఇచ్చారు. నడుము దగ్గర ఊపిరి బిగబట్టారు. "ఎల్లుండికి కావాలమ్మా" అని మళ్ళీ అదే చెక్క మీద ఇవతలికి వచ్చారు.

వెనక్కి తిరిగి చూశారు.

"ఏంటిది, ఫొటోలో వంతెనలా కనబడుతోంది! తీసెయ్యండి."

ఇద్దరు కార్యకర్తలు చెక్కని ఇవతలికి లాగి నా షాపు గోడకి ఆనించారు.

"సార్! సార్!" టైలరక్క గట్టు చివరిదాకా పరిగెత్తుకొచ్చింది. ఒక చేతిలో కోటు గుడ్డ, ఇంకో చేతిలో కత్తెర. "ఆ బల్ల మీదేనండీ మీ కోటు కత్తిరించాల్సింది! ఇప్పుడెలాగండీ?"

మంత్రిగారు ఆగారు. ఆమెనీ, కాలవనీ, గోడకి ఆనించిన చెక్కనీ శ్రద్ధగా చూశారు. మా బామ్మర్ది భుజం తట్టారు.

"బాగా అడిగింది. ఫొటో తీసి పేజీలో పెట్టు."