ఆజ్ఞలు లెక్కపెట్టిన కొంగ

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న సైన్యం ఉండేది. అందులో కొలతల అధికారిని నేనే, కొంగని. గంటలకొద్దీ ఒంటికాలి మీద కదలకుండా నిలబడతానని ఆ ఉద్యోగం ఇచ్చారు. నిలబడటానికీ తెలివికీ సంబంధమేమిటని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఎండాకాలం వస్తే మా సైన్యానికి శత్రువు కార్చిచ్చే. మంట వచ్చే దారిలో ఎండుటాకులు ఊడ్చేసి, ఉత్త నేల మిగిలేలా బాట తీయాలి. ఆ బాట దాటి మంట రాదు. ఈ పనికి రెండు దళాలు. ఒకదానికి కొండముచ్చు నాయకుడు, రెండోదానికి ఏదుపంది నాయకురాలు. ఇద్దరికీ మూడు నెలలు నాయకత్వ శిక్షణ ఇప్పించారు.

ఒకరోజు ఏనుగు సేనాపతి నన్ను పిలిచాడు.

“ఏమయ్యా కొంగా, ఆ శిక్షణ వీళ్లకి ఒంటబట్టిందా లేదా? నెల్లాళ్లు కొలిచి చెప్పు. తక్కువ మార్కులొచ్చినవాళ్ల దళం లాగేస్తాను.”

నాయకత్వాన్ని దేంతో కొలుస్తారో నాకేం తెలుసు? తెలీదంటే పరువు పోతుంది. రెండు రోజులు బుర్ర గోక్కుని, నాయకుడంటే ఆజ్ఞలిచ్చేవాడు కాబట్టి ఆజ్ఞలు లెక్కపెడితే చాలని తేల్చాను. ఆజ్ఞకో మార్కు. సేనాపతి తల ఊపాడు. ఆయన తల ఊపితే చెవులు కూడా ఊగుతాయి, అందుకని పెద్ద మెప్పులా కనిపించింది.

మర్నాటి నుంచి కొండముచ్చు నోరు మూస్తే ఒట్టు. “నిలబడండి. కూర్చోండి. తోకలెత్తండి. దించండి.” మధ్యమధ్య నా వైపు తిరిగి, “కొంగగారూ, తోకలకి రెండు వేసుకున్నారా?” అనేవాడు. వేసుకున్నాను.

ఏదుపంది మాత్రం తన దళంతో కలిసి తనూ ఆకులు ఊడ్చేది. ఎవరెక్కడ నిలబడాలో, గాలి తిరిగితే ఎటు పరిగెత్తాలో ఎప్పుడో చేసి చూపించేసింది. ఇక వాళ్లకి చెప్పాల్సిందేమీ లేదు.

“అమ్మా, ఒక్క ఆజ్ఞయినా ఇవ్వు తల్లీ. నా లెక్కల కాగితంలో నీ గడి ఖాళీగా ఉంది,” అని బతిమాలాను.

“పని వాళ్లకి తెలుసు కదండీ. ఊరికే అరవడం దేనికి?” అంది.

సున్నా వేశాను.

నెలాఖరున ఒక మిట్టమధ్యాహ్నం వాగు పక్కన మంట లేచింది. అక్కడే పొట్టి తుమ్మచెట్టు మీద నా గూడు. అందులో ఇంకా ఎగరడం రాని ముగ్గురు పిల్లలు. ఆ వైపు కాపలా కొండముచ్చు దళానిది.

“వరస సరిచేసుకోండి. ఎడమకి తిరగండి. కుడికి తిరగండి.” దళం తిరిగింది. ఒక్కరూ ఆకు ముట్టలేదు, ఆ ఆజ్ఞ ఇంకా రాలేదు మరి. నా కళ్లు గూటి మీదే ఉన్నాయి. అయినా సిగ్గులేని నా ముక్కు కాగితం మీద ఆజ్ఞకో గీత గీస్తూనే ఉంది.

అంతలో పొగలోంచి ఏదుపంది, వెనకే ఆమె దళం. ఎవరూ పిలవలేదు, గాలి తిరగడం చూసి వచ్చేశారు. తలో పక్కకీ వెళ్లి చెట్టు చుట్టూ ఆకులు ఊడ్చిపారేశారు. మంట బాట దాకా వచ్చి ఆగింది. పిల్లలు బతికారు. నేను నిలబడి ఏడ్చాను.

సాయంత్రం సేనాపతి లెక్క అడిగాడు.

“కొండముచ్చుకి ఎనిమిది వందల పన్నెండండి. ఏదుపందికి సున్నా.”

“మరి మంట ఆపిందెవరు?”

“దానికి గడి లేదండయ్యా.”

అప్పుడైనా ఆ కాగితం చింపేయాల్సింది. కొలతే తప్పని చెప్పాల్సింది. చెబితే ఆ తప్పు నాదవుతుంది, ఉద్యోగం ఊడుతుంది.

సేనాపతి ఏదుపంది దళాన్ని కూడా కొండముచ్చుకే అప్పగించాడు. ఆమెను అతని దగ్గరే మళ్లీ శిక్షణకి పంపాడు. ఆ ఉత్తర్వు మీద నేను సంతకం పెడుతుంటే, ఆమె కాలిన ముళ్లతో పక్కన నిలబడి, “పిల్లలు కులాసాగా ఉన్నారా కొంగగారూ?” అని అడిగింది.

“ఉన్నారమ్మా,” అని కింద తేదీ వేశాను.

నీతి ఏమిటంటే, నాయకత్వాన్ని కొలవడం ఏమంత కష్టం కాదు, మధ్యలో నిజమైన నాయకులు అడ్డు రాకపోతే.