ప్రాబ్లం అనే మాట రద్దయ్యాక

మానవజాతి నిప్పును కనిపెట్టిన తరువాత సాధించిన అతిపెద్ద విజయం ‘ప్రాబ్లం’ అనే మాటను రద్దు చేయడం. ఈ ఘనత ఆ పట్టణ సేవామండలిది. అందులోనూ నూటికి నూరుపాళ్ళూ అక్కడి పర్యాయపదాధికారిది. (అలాంటి ఉద్యోగం ఎందుకని అడగడానికి వేరే ఫారం ఉంది. ప్రస్తుతం అది అయిపోయింది.)

ఆయన వాదన సబబైనదే. పాపం, ఒక్క ఇంగ్లీషు మాట ఎంతమందికని చాకిరీ చేస్తుంది? కుళాయి రాకపోయినా ప్రాబ్లమే, మోకాళ్ళు పట్టేసినా ప్రాబ్లమే. పిల్లల లెక్కల పుస్తకంలో ఉండేదీ అదే, పక్కింటాయనా అదే. ‘వాళ్ళింట్లో ఏదో ప్రాబ్లమట’ అని గొంతు తగ్గించి చెప్పుకునేదీ అదే. ఇంత బరువు ఒక్క మాట నెత్తిన పెట్టడం అన్యాయమని, లెక్కల పుస్తకంలోదాన్ని మాత్రం దానికి వదిలి, మిగతా పనులన్నీ ఆయన పర్యాయపదాలకు పంచేశాడు. కుళాయి రాకపోతే ‘నీటి విరామం’. వీధి దీపం వెలగకపోతే ‘సహజ రాత్రి’. రోడ్డు మీద గొయ్యి ‘లోతైన అనుభవం’. ఫోన్ చేసినవాళ్ళు సేవామండలి ఆమోదించిన మాట వాడితేనే సిస్టమ్ తీసుకుంటుంది. ఆమోదించిన మాట వాడాక ఇక ఫిర్యాదు చేయడానికి ఏం మిగులుతుంది? ఫిర్యాదుల సంఖ్య సున్నాకు వచ్చి కూర్చుంది.

అయితే ఆయనకు అన్నిటికన్నా ముద్దొచ్చేది, ఎవరూ పట్టించుకోని ఫోన్లకు కొంతసేపయ్యాక సిస్టమే పంపే మెసేజీ. ‘మీ అంశం దానంతటదే పరిష్కారమైంది. ఓపిక పట్టినందుకు ధన్యవాదాలు.’ దీన్ని ఆయన సొంతంగా, ఎవరి సాయమూ లేకుండా రాశాడు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చదివి వినిపించేవాడు. అత్తగారికైతే రెండుసార్లు.

ఆ సున్నాకు మెచ్చి ఆయనకు షీల్డు ఇచ్చే రోజు రానే వచ్చింది. లేత గోధుమరంగు కొత్త ప్యాంటు తొడిగి, డాక్టరు చెప్పినట్టు రెండు చెంబుల నీళ్ళు గటగటా తాగి, అత్తగారిని వెంటబెట్టుకుని లిఫ్టెక్కాడు. ఆవిడను దారిలో మోకాళ్ళ డాక్టరు దగ్గర దింపాలి. బాత్రూమ్ సంగతి సభ దగ్గర చూసుకోవచ్చులే అనుకున్నాడు. లిఫ్టు రెండో అంతస్తు దాటింది, మొదటి అంతస్తు చేరకుండానే ఆగింది.

“ప్రాబ్లమొచ్చినట్టుంది అల్లుడుగారూ,” అంది అత్తగారు.

“అలా అనకూడదు అత్తయ్యగారూ. దీన్ని స్థిర ప్రయాణం అనాలి.”

“ఏదో ఒకటి. తలుపైతే తెరుచుకోవట్లేదు.”

అలారం నొక్కితే మోగలేదు. (ఆమోదించిన పేరు: ‘మౌన హెచ్చరిక’.) భార్యకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ముందు వరుసలో కుర్చీ పట్టుకోవడానికి ఆవిడ పొద్దున్నే సభకు వెళ్ళిపోయింది. చివరికి, జీవితంలో మొదటిసారి, ఆయన సేవామండలికి ఫోన్ చేశాడు.

“నమస్కారం సార్. మీ అంశం చెప్పండి,” అంది ఒక అమ్మాయి.

“లిఫ్టులో ఇరుక్కుపోయామమ్మా!”

“సారీ సార్, ఆ మాట కొడుతుంటే ఎర్రగా వస్తోంది.”

ఎర్రగా రాక ఏం చేస్తుంది? ఆ రంగు వేయించింది ఆయనే.

“సరే. స్థిర ప్రయాణంలో ఉన్నాం.”

“ఆఁ, తీసుకుంది సార్. శుభప్రయాణం!”

“అమ్మా, పెట్టెయ్యకు! నేనెవరనుకున్నావ్? ఆ మాటలన్నీ రాసింది నేనే!”

“అయ్యో, మీరా సార్! మీ పేరు చెప్పుకుని బతుకుతున్నాం. మీరొచ్చాక మమ్మల్ని తిట్టడానికి ఎవ్వరికీ మాట దొరకట్లేదు.”

నిజానికి ఆయన బాధ లిఫ్టు గురించి కాదు, రెండు చెంబుల నీళ్ళ గురించి. కుడికాలి మీద కాసేపు, ఎడమకాలి మీద కాసేపు నిలబడుతూ పళ్ళ బిగువున ఉగ్గబట్టుకున్నాడు. అత్తగారు ఆ నాట్యం చూసింది. నలుగురు పిల్లల్ని పెంచిన మనిషికి సంగతి అర్థం కావడానికి ఎంతసేపు? ఫోన్ లాక్కుంది.

“అమ్మాయ్, మా అల్లుడుగారికి ఒంటేలుకొస్తోందమ్మా. ఆపుకోలేకపోతున్నారు.”

అధికారి సిగ్గుతో గోడవైపు తిరిగిపోయాడు.

“ఒక్క క్షణం అమ్మగారూ, దానికీ సార్ మాట పెట్టారు. ‘జలసంబంధ అవసరం.’ ఇదిగో, పంపేశాను. ఆ విభాగంవాళ్ళు చాలా చురుకు.”

నిజంగానే చురుకు. టీ చల్లారేలోపు బిల్డింగు ముందు నీళ్ళ ట్యాంకర్ ఆగింది. (సేవామండలి ఇంత త్వరగా కదలగలదని అధికారికే తెలియదు.) డ్రైవరు గొట్టం తెచ్చి సంపులో పెట్టాడు. ఆ సంపు సరిగ్గా లిఫ్టు గోడ పక్కనే ఉంది. జలజలా, గలగలా, ఆగకుండా నీళ్ళు పడటం మొదలైంది.

“ఎంత ధారగా పడుతున్నాయో!” అంది అత్తగారు చెవి గోడకానించి.

“అత్తయ్యగారూ, మీకు పుణ్యముంటుంది. నీళ్ళ గురించి మాట్లాడకండి.”

“మంచిది. నిన్నటి వాన సంగతి చెప్పనా?”

ఇక ఆయన వల్ల కాలేదు. పర్యాయపదాలన్నిటినీ గాలికొదిలేసి, రెండు చేతులతో తలుపు బాదుతూ గొంతు చించుకున్నాడు.

“ప్రాబ్లం! బాబోయ్, ప్రాబ్లం! పెద్ద ప్రాబ్లం!”

ఎంత హాయిగా ఉందో ఆ మాట నోట్లో! కానీ నీళ్ళ చప్పుడులో అది ఎవరికీ వినపడలేదు. ట్యాంకర్ పూర్తిగా ఖాళీ అయ్యాక గానీ డ్రైవరు చెవిన ఆ కేకలు పడలేదు. అతనూ వాచ్‌మనూ కలిసి ఇనుపకమ్మీతో తలుపు తెరిచేసరికి లోపల కేకలు ఆగిపోయాయి. అధికారి కళ్ళు మూసుకుని, ఎంతో ప్రశాంతంగా నిలబడి ఉన్నాడు. ఆ ప్రశాంతత చూసి వాచ్‌మన్‌కు భయమేసింది. లేత గోధుమరంగు ప్యాంటు సగందాకా ముదురు గోధుమరంగుకు తిరిగింది.

సరిగ్గా అప్పుడే అత్తగారి చేతిలో ఫోన్ మోగింది. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, అందరికీ వినపడేలా చదివింది.

“‘మీ అంశం దానంతటదే పరిష్కారమైంది. ఓపిక పట్టినందుకు ధన్యవాదాలు.’”

ఆవిడ ఒకసారి ఫోన్ వైపు, ఒకసారి ప్యాంటు వైపు చూసింది.

“అనుభవం లేకుండానే ఇంత సరిగ్గా ఎలా రాశారు అల్లుడుగారూ?”