పేలు చూసే శాఖ

ఒక పెద్ద అడవిలో శాంతికి కూడా ఒక శాఖ ఉండేది. దానికి అధికారి శాంతప్ప అనే కొండముచ్చు. ఆఫీసు నేరేడు చెట్టు మీద. కాపురమూ అక్కడే.

ఆ శాఖ ఊరికే పుట్టలేదు. అడవికి కాపలా ముంగిసలది. పాము కనబడితే వాటికి ఒళ్ళు తెలియదు. ఒకసారి పొదలోంచి బయటికి సాగినదాన్ని కొండచిలువే అనుకుని మీదపడి కరిచేశాయి. తీరా చూస్తే అది అడవిని ఏలే ఏనుగు దొరగారి తొండం. వాపు తగ్గేదాకా దొరగారికి అరటిపండు కూడా నోటికి అందలేదు. అప్పుడు పెట్టించాడు ఈ శాఖను.

పని తేలికే. ఏ ముంగిసకైనా కోపం వస్తే, కొండముచ్చులు దాన్ని కూర్చోబెట్టి తలలో పేలు చూస్తాయి. వేళ్ళు బొచ్చులో తిరుగుతుంటే దాని కళ్ళు మూతపడతాయి, కోపం దిగిపోతుంది. నిజం చెప్పొద్దూ, దానివల్ల అడవికి మేలే జరిగింది. కుందేళ్ళు కూడా భయం లేకుండా తిరిగాయి.

ఆ నేరేడు చెట్టు కిందే బొర్రయ్య అనే పందికొక్కు ఉండేది. పరాయిది కాదు, ఆ మట్టిలోనే పుట్టి పెరిగింది. ఏం బుద్ధి పుట్టిందో, ఒకనాటి నుంచి తవ్వడం మొదలుపెట్టి ఇక ఆపలేదు. చెట్టు వేళ్ళు కొరికింది, దానికి పిల్లలు పుట్టాయి, ఆ పిల్లలూ తవ్వాయి.

ముంగిసల నాయకుడు కోరయ్య ముక్కు ఎగబీల్చాడు. "శాంతప్పగారూ, ఆ కలుగు వాసన తేడాగా ఉందండి. ఒక్కసారి లోపలికెళ్ళి చూసొస్తాను."

"బొర్రయ్య మనవాడయ్యా. మనవాళ్ళ మీద పళ్ళు నూరమని నీకెవరు చెప్పారు? ఇలా కూర్చో," అన్నాడు శాంతప్ప. కోరయ్య కూర్చున్నాడు. కాసేపటికి గుర్రు పెట్టాడు.

ఇదంతా కలుగులోంచి విన్న బొర్రయ్య మర్నాడే సన్మానసభ పెట్టాడు. టేకాకు శాలువా కప్పి, మాగిన సీతాఫలాలు చేతిలో పెట్టి, "అయ్యా, మీరు చల్లగా ఉండాలి. మా గుమ్మం దగ్గర కాపలావాళ్ళు మరీ కోపిష్టులు. మీవాళ్ళను ఇంకో నలుగుర్ని ఇటు వేయించండి," అన్నాడు.

శాంతప్ప మంచులా కరిగిపోయాడు. సగం సిబ్బందిని ఆ కలుగు గుమ్మానికే వేశాడు. అక్కడి ముంగిసల తలల్లో పేలూ మిగల్లేదు, ఒంట్లో రోషమూ మిగల్లేదు.

"ఏవండీ, చెట్టు కాస్త ఒరిగినట్టు లేదూ?" అంది భార్య.

"గాలికి లేవే," అన్నాడు సీతాఫలం గింజ ఊస్తూ.

గాలన్నదే లేని ఒక మధ్యాహ్నం చెట్టు కూలింది. భార్య ఎగిరి పక్క కొమ్మ అందుకుంది. చంటిపిల్ల మాత్రం పట్టుతప్పి, వేళ్ళు లేచిపోయిన గుంటలోంచి కలుగులోకి జారిపోయింది. శాంతప్ప కలుగు గుమ్మానికి పరుగెత్తాడు.

"కోరయ్యా, లేవరా బాబూ! లోపల నా పిల్ల ఉంది."

కోరయ్య లేచాడు. గబగబా వచ్చాడు. వచ్చి, అలవాటు కొద్దీ శాంతప్ప ముందు చతికిలబడి తల వంచాడు.

ఆ వంచిన తల చూసి శాంతప్ప ఏడ్చేశాడు. పేలు చూసిన ఆ చేతులతోనే మట్టి తోడాడు. లోపలినుంచి బొర్రయ్య గొంతు వినబడింది. "మెల్లగా అయ్యా, మావాళ్ళు నిద్రపోతున్నారు. శాంతి ముఖ్యమని మీరే కదా అనేవారు."

పిల్ల బతికే దొరికింది. ఒక కాలు మాత్రం పందికొక్కులు కొరికేశాయి.

ఏనుగు దొర మండిపడి, ఆ పూటే శాఖను రద్దు చేసి కొండముచ్చులన్నిటినీ తరిమేశాడు. చాలాకాలానికి ముంగిసలకు నిద్ర తేలిపోయింది. బొర్రయ్య సంతానాన్ని వెతికి వెతికి పట్టాయి. ఆ ఊపు ఇంకా తగ్గకముందే దొరగారు నీళ్ళు తాగడానికి తొండం చాచాడు.

మర్నాడు శాంతప్పకు మళ్ళీ పిలుపొచ్చింది.

నీతి: కాపలావాడు కరిస్తే దొరకు తెలుస్తుంది, కరవకపోతే పందికొక్కుకు తెలుస్తుంది.