కిందికి దిగే అర

మనవరాలు ఈతకు వెళ్ళగానే ఆమె యంత్రాన్ని పాడుచేయాలి. ఆ ఉదయం తాతయ్య పెట్టుకున్న పని అదొక్కటే.

యంత్రమంటే మరేం కాదు. తాతయ్య పుస్తకాల గదిలోనే గిలకల గురించి ఏదో చదివి, ఆ పిల్ల తన నాన్న వెంటపడి, చేతికందని పై అరను తాళ్ళకు వేలాడదీయించింది. గుమ్మం పక్క కొక్కేనికున్న ముడి విప్పి తాడు వదిలితే, అర బావిలో చేదలా దిగుతుంది. అంతకుముందు "తాతయ్యా, ఆ పైది తీసివ్వవా?" అంటూ వచ్చేది. ఇప్పుడు తనే దించుకుని, కావలసింది తీసుకుని తుర్రుమంటోంది. ఆ పిలుపు కోసం చెవి ఒగ్గి కూర్చుని కూర్చుని, ఆయనకు ఇల్లంతా బోసిపోయినట్టుంది.

తాడు తీసి దాచేద్దామని ముడి విప్పాడో లేదో, గిలక పక్కకు జారింది. అర పక్కకు ఒరిగి, సగం దాకా జర్రున జారింది. ఇప్పుడు దాని కిందే అద్దాల బీరువా! తాతయ్య తాడు పట్టుకుని వేలాడుతూ కేక పెట్టాడు.

కోడలు పరుగున వచ్చింది. "అయ్యో మామయ్యా! మీరు వదలండి, నేను పట్టుకుంటా."

"నేను వదిలితే నువ్వు పైకి లేచిపోతావమ్మా!"

ఇద్దరూ పట్టుకున్నారు. గడ్డానికి నురగతో కొడుకొచ్చి తనూ ఓ చెయ్యి వేశాడు. ఫ్యాను బాగుచేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ ఇదేదో వ్యాయామం అనుకుని గుమ్మంలో కాసేపు నిలబడి చూసి, ఆనక తనూ పట్టుకున్నాడు. హాల్లో కోడలి ఆఫీసు ఫోను మోగుతూనే ఉంది. ఆ గదిలోకి ఇంతమంది వచ్చి చాలా కాలమైంది. అరచేతులు మండిపోతున్నా, ఎవరూ తాడు వదలకుండా ఉంటే బాగుండుననిపించింది తాతయ్యకు.

తడి జుట్టుతో వచ్చిన మనవరాలు స్టూలెక్కి గిలక సరిచేసి, ముడి వేసేసింది. అందరూ ఎవరి చేతులు వాళ్ళు ఊదుకున్నారు.

"నీ ప్రయోగాలతో తాతయ్య ప్రాణం మీదికి తెచ్చావు!" కోడలు కూతురి మీద విరుచుకుపడింది. "ఇవాళే పీకించేస్తా దీన్ని."

తాతయ్య కోరుకున్నదీ అదే. కానీ ఆ పిల్ల మొహం చూసేసరికి ఉండబట్టలేకపోయాడు. "దాన్నేమీ అనకమ్మా. ముడి నేనే విప్పాను. నా దగ్గరికి రావడం మానేసిందని."

మనవరాలు తెల్లబోయింది. "పుస్తకం చేతికిచ్చేలోపే చివర్లో ఏమవుతుందో చెప్పేస్తావు కదా తాతయ్యా! అందుకే ఇది చేసుకున్నా. మొత్తం చదివేశాక వస్తాలే, అప్పుడు చెప్పు."

లావుపాటి పుస్తకమొకటి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. కోడలు ఫోను దగ్గరికి, కొడుకు అద్దం ముందుకి, ఎలక్ట్రీషియన్ ఫ్యాను కిందికి చేరుకున్నారు. గదిలో మళ్ళీ తాతయ్య ఒక్కడే మిగిలాడు.

సాయంత్రానికల్లా ఆయన పై అరలోని లావు పుస్తకాలన్నీ తీసేసి, పలచనివి సర్దాడు.