జూదగాడి ఇంటి చదివింపు

స్తెజరెని పట్టణ పౌరుల తరఫున సవినయంగా మనవి చేసుకునేది ఏమంటే, మా ఊళ్ళో జూదం లేదు. ఉన్న జూదగాడు ఒక్కడే. అతని పేరు తిబేరియు హంగాను, డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. అతనొక్కణ్ణీ పక్కన పెడితే మిగిలిన వాళ్ళమంతా ఆచితూచి అడుగు వేసే మనుషులమే.

మంచు పడడం ఎప్పుడో మానేసిన గుట్ట మీద మేయరు గారు మంచుబండ్ల క్రీడాకేంద్రం కట్టించారు. దాన్ని దూరదృష్టి అంటారు. గవ్రిలా అనే రైతు ఉన్న రెండావుల్నీ అమ్మి, ఇటలీలో పని ఇప్పిస్తానన్న ఒక పెద్దమనిషి చేతిలో ఆ డబ్బంతా పోశాడు. ఆ పెద్దమనిషి ఇంటిపేరేమిటో గవ్రిలాకు ఇప్పటికీ తెలియదు. దాన్ని సాహసం అంటారు. పోస్టాఫీసులో పింఛను అందుకున్న ముసలమ్మలు అదే కిటికీలో గీకుడు లాటరీ టికెట్లు కొని, అక్కడే నాణెంతో గీకి, అక్కడే చించి పారేసి ఇళ్ళకు పోతారు. అందువల్ల ఖజానాకు ఆదాయం వస్తుంది కనుక అది దేశసేవ కిందికి వస్తుంది.

ఇలాంటి ఊళ్ళో తిబేరియు సిగరెట్లు మానేశాడు. అంతటితో ఆగినా బాగుండేది. సిగరెట్ల మీద మిగిలిన రెండు వందల లెయి డబ్బుని ఆన్‌లైన్ పోకర్‌లో పెట్టాడు.

అతను ఆట నేర్చుకున్న పద్ధతి చూస్తే అతని పతనం ఎంత లోతైనదో తెలుస్తుంది. ముక్కలు ముట్టుకోకముందే ఎవరో బట్టతల మనిషి చెప్పే వీడియో పాఠాలు విన్నాడు. ఆ మనిషి ఎలా గెలవాలో చెప్పడు, ఎలా మిగలాలో చెబుతాడు. ఆట డబ్బు వేరు, ఇంటి డబ్బు వేరు, ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి పైసా దొర్లకూడదు. చేతిలో ఉన్నదాంట్లో ఇరవయ్యో వంతు మించి ఒక బల్ల మీద పెట్టకూడదు. నిధి తరిగితే ఇంకా చిన్న బల్లకు దిగాలి, దిగడానికి సిగ్గుపడకూడదు. తాగి ఆడకూడదు. అప్పు చేసి ఆడకూడదు. ఎదుటివాడు పెంచాడు కదా అని రోషానికి పోయి పెంచకూడదు. ముక్కలు బాగా లేకపోతే పడేసి ఊరుకోవాలి.

తిబేరియు ఈ నియమాలన్నిటినీ తు.చ. తప్పకుండా పాటించాడు. నాలుగైదు బానీల పందేల దగ్గర, అంటే ఊళ్ళో బిచ్చగాడు కూడా వంగి ఏరుకోని చిల్లర దగ్గర, వారానికి మూడు సాయంత్రాలు కూర్చునేవాడు. వచ్చిన ముక్కల్లో ముప్పాతిక పాళ్ళు పడేసేవాడు. ఏడాది తిరిగేసరికి రెండు వందల లెయి రెండు వందల ముప్పై ఒకటి అయింది. ఇంతటి దుర్వ్యసనాన్ని మా ఊరు అంతకుముందు చూసి ఎరగదు.

అందరికన్నా ముందు గుండెలు బాదుకున్నది అతని అత్తగారు ప్రొఫిరా. ఆవిడ కూతురు ఓల్గుత్సా, అంటే తిబేరియు భార్య, మొదట్లో పెద్దగా పట్టించుకోలేదు. ప్రొఫిరాకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. అల్లుడి ఎదురుగా ఉన్న తెర ఆవిడకు తెల్లటి మసకగా తప్ప కనపడదు, కానీ మీట నొక్కిన ప్రతి చప్పుడూ వినపడుతుంది. ఆ ప్రతి చప్పుడుకీ ఒక ఆవు పోతున్నట్టు ఆవిడ లెక్క వేసుకునేది. చివరికి ఓర్చుకోలేక చర్చికి వెళ్ళి అల్లుడి పేరు మీద ప్రార్థన చేయించింది. ఫాదర్ ఇరిమియా ఆ ఆదివారం జూదం గురించి ఎంత కరుణరసంతో మాట్లాడారంటే, వెనక వరుసల్లో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ప్రసంగం ముగిశాక గంటల గోపురం మరమ్మతు కోసం లక్కీ డ్రా టికెట్లు అమ్మారు. మొదటి బహుమతి గడ్డి కోసే యంత్రం. తిబేరియు ఒక్కడే కొనలేదు. దాంతో అతను నాస్తికుడు కూడా అని తేలిపోయింది.

ప్రొఫిరా కళ్ళ విషయంలో మాత్రం ఆ ఇంట్లో అందరిదీ ఒకే మాట. జిల్లా ఆసుపత్రిలో వంతు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. ప్రైవేటు క్లినిక్‌లో రెండు కళ్ళకూ ఏడు వేల లెయి అన్నారు. పందిని అమ్మారు, ప్లమ్ సారా అమ్మారు, ముసలామె పింఛను కూడబెట్టారు, తిబేరియు ఆదివారాలు కూడా కారు నేర్పాడు. మూడు చలికాలాలకు ఏడు వేలూ సమకూడాయి. ఆ డబ్బు ప్రొఫిరా రవికలో గుడ్డసంచిలో ఉండేది. బ్యాంకు మీద ఆవిడకు నమ్మకం లేదు. డాక్టరు ఒక గురువారం తేదీ ఇచ్చి, ఎడమ కన్ను ఇప్పటికే ఆలస్యమైందని, ఆ తేదీ దాటితే ఇక తన పూచీ లేదని చెప్పాడు.

ఆ గురువారానికి ముందు శనివారం పెళ్ళి వచ్చింది. పెళ్ళికూతురు ప్రొఫిరా మనవరాలే. ఓల్గుత్సా అన్న దోరు కూతురు రొక్సానా.

మా ఊళ్ళో పెళ్ళంటే ఏమిటో ఇక్కడ చెప్పనక్కర్లేదు. పెళ్ళి చర్చిలో జరుగుతుంది, అది ముఖ్యం కాదు. విందులో సర్మాలే వడ్డించి, క్యాబేజీ ఆకులో చుట్టిన ఆ మాంసం ముద్దలు సగం తిన్నాక, మైకు పట్టుకున్న పెద్దమనిషి బల్లబల్లకూ వస్తాడు. వెనక ఒకడు పళ్ళెం, ఇంకొకడు సీసా పట్టుకుని వస్తారు. మీరు కవరు ఇస్తారు, ఆయన విప్పి లెక్కపెట్టి, ఫలానా వారు ఇంత అని మైకులో చదువుతాడు. వాద్యగాళ్ళు ఆ అంకెకు తగ్గట్టు వాయిస్తారు. పెద్ద అంకెకు బాకా మోగుతుంది. చిన్న అంకెకు ఫిడేలు ఒక్కసారి కీచుమంటుంది. అక్కడ ఎవరూ జూదం ఆడరు. బంధుప్రీతి చూపించుకుంటారు, అంతే.

పెళ్ళికి ముందు ఇంట్లో సమావేశం జరిగింది. తిబేరియు తన దురలవాటును బట్టి ఇరవయ్యో వంతు లెక్క తీశాడు. మనం తినే మూడు పళ్ళేల భోజనం ఖర్చైనా రాదని ఓల్గుత్సా అడ్డుపడితే, సరేనని వెయ్యి లెయికి ఒప్పుకున్నాడు. అది తన జీతంలోంచి. కళ్ళ డబ్బు వేరు, పెళ్ళి డబ్బు వేరు అని కూడా చెప్పాడు.

"వెయ్యా?" అంది ప్రొఫిరా. "సొంత మనవరాలి పెళ్ళిలో మన పేరు పిలిచి వెయ్యి అని చదివితే, రేపు నేను ఏ ముఖం పెట్టుకుని నలుగుర్నీ చూడాలి?"

"ముందు కళ్ళు బాగుపడితే కదా అత్తయ్యా, మీరు నలుగుర్నీ చూసేది" అన్నాడు తిబేరియు.

పెద్దవాళ్ళతో ఇలా తర్కించడం పేకాట వల్లే అలవాటవుతుందని ప్రొఫిరా కూతురితో అంది. ఆ సంచి మాత్రం రవికలోంచి తీసి ఇంట్లో పెట్టనంది. దొంగలు పెళ్ళిళ్ళ రోజునే వస్తారని ఆవిడ వాదన.

శనివారం రాత్రి మైకు పట్టుకున్నది మితికా గారు. బడిలో పిల్లలకు కసరత్తు నేర్పుతారు, శనివారాలు మాత్రం భుజానికి కుట్టుపని తువ్వాలు వేసుకుని బంధువులకు నేర్పుతారు. "గౌరవనీయులైన అతిథులారా! ఒక కొత్త కాపురం మీ హృదయాల వైపు చూస్తోంది. హృదయం ఎంత పెద్దదో కొలిచే యంత్రం ఇంకా కనిపెట్టలేదు కనుక ప్రస్తుతానికి ఈ పళ్ళెంతోనే సరిపెట్టుకుందాం!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

మొదటి బల్ల పెళ్ళికొడుకు బాబాయి పాండెలే బుర్లాకుది. టైర్ల కొట్టు ఉన్న మనిషి. మూడు వేలు అన్నాడు. బాకా మోగింది. తర్వాత పాలకేంద్రం నడిపే ఆవిడ మూడున్నర పెట్టింది. ఆ మూడున్నర కోసం ఆవిడ అంతకుముందు రోజు వడ్డీ కంపెనీలో సంతకం పెట్టి వచ్చిన సంగతి హాల్లో అందరికీ తెలుసు కనుక గౌరవం ఇంకా పెరిగింది. మరో బల్ల నాలుగు అంది. అప్పుడు పాండెలే, ముఖం బీట్‌రూట్ రంగులోకి వచ్చి, మైకును వెనక్కి పిలిపించాడు. తన కవరులో కాగితాలు అంటుకుపోయి సరిగా లెక్క పడలేదని, తనది ఐదు వేలని సవరించుకున్నాడు. వాద్యగాళ్ళు లేచి నిలబడి వాయించారు.

తిబేరియు సర్మాలే ముందు పెట్టుకుని ఇదంతా చూస్తూ కూర్చున్నాడు. తాగి ఆడుతున్నారు. అప్పు చేసి ఆడుతున్నారు. ఎదుటివాడు పెంచాడని పెంచుతున్నారు. హాలు మొత్తం మీద ముక్కలు పడేసిన వాడు ఒక్కడూ లేడు. తన పోకర్ బల్ల దగ్గర అతనికి ఎన్నడూ పట్టని చెమట ఇక్కడ పట్టింది.

మితికా గారు వాళ్ళ బల్ల దగ్గరికి వచ్చారు. కవరు విప్పారు. ఒకసారి లెక్కపెట్టి, మర్యాద కొద్దీ ఇంకోసారి కూడా లెక్కపెట్టారు.

"హంగాను కుటుంబం, వెయ్యి" అని చదివి, "ఇది మొదటి విడత అనుకుంటాను" అన్నారు మైకులోనే.

"కాదండీ. అంతే" అన్నాడు తిబేరియు.

ఫిడేలు కీచుమనడానికి కూడా సంకోచించింది. ఓల్గుత్సా రొట్టెముక్క తుంపి, తుంపిన ముక్కను మళ్ళీ తుంపుతోంది. ఆ నిశ్శబ్దంలో ప్రొఫిరా, ఎవరెవరు తమ వైపు చూస్తున్నారో కనపడక, అందరూ చూస్తున్నారనుకుంది. అది నిజమే కూడా.

"ఆ పాండెలే ఎంత పెట్టాడే?" అని కూతుర్ని అడిగింది.

"ఐదు, అమ్మా."

ముసలామె చెయ్యి రవికలోకి వెళ్ళింది. తిబేరియు ఆ మణికట్టు పట్టుకున్నాడు. "అత్తయ్యా, అది డబ్బు కాదు. మీ కళ్ళు."

"వదులు నాయనా" అంది ప్రొఫిరా నెమ్మదిగా. "ఈ వయసులో ఇక చూసేదేముంది. వినపడితే చాలు."

నిండు పెళ్ళిలో ముసలిదాని చెయ్యి విరవలేక వదిలేశాడు. గుడ్డసంచి పళ్ళెంలో పడింది. మితికా గారు లెక్కపెట్టారు, గొంతు సవరించుకున్నారు, హాలు అదిరేలా చదివారు. "పెళ్ళికూతురి నాయనమ్మ శ్రీమతి ప్రొఫిరా గారి కుటుంబం, మొత్తం ఎనిమిది వేలు!" బాకా మోగింది, డోలు మోగింది, జనం లేచి నిలబడ్డారు. ప్రొఫిరా కూడా లేచి, చప్పట్లు ఎటునుంచి వస్తున్నాయో సరిగా తెలియక, వంటగది తలుపు వైపు తిరిగి తల వంచి నమస్కరించింది. ఆవిడ ముఖం అంతగా వెలగడం తిబేరియు పెళ్ళైనప్పటి నుంచీ చూడలేదు. అతనికి ఏడుపు వచ్చింది. పక్కవాళ్ళు అది వెయ్యితో తప్పించుకోలేకపోయిన బాధ అనుకున్నారు.

గురువారం ఉదయం ఓల్గుత్సా క్లినిక్‌కు ఫోన్ చేసి తేదీ రద్దు చేసింది. ఆ తర్వాత తిబేరియు సిగ్గు విడిచి బావమరిది దోరు దగ్గరికి వెళ్ళి, చదివించిన దాంట్లో సగమైనా తిరిగి ఇప్పించమన్నాడు. దోరు నొచ్చుకున్నాడు. డబ్బు ఎక్కడుందట? హాలు, వాద్యం, బాణసంచా, పైనుంచి ఫొటోలు తీసే ఎగిరే యంత్రం పోగా పిల్లకూ అల్లుడికీ మిగిలింది ఒక బాకీ. ఆ రాత్రి ఆడిన వాళ్ళలో గెలిచింది హాలు యజమాని ఒక్కడే. ఆయన పళ్ళెంలో ఏమీ వేయలేదు.

"అయినా బావా, చదివింపు తిరిగి అడగడం ఎక్కడైనా ఉందా? నువ్వూ ఓల్గుత్సా పెళ్ళి రజతోత్సవం చేసుకోండి. మేమంతా వచ్చి చదివిస్తాం. హాలుకి బయానా మాత్రం ముందే కట్టాలి" అన్నాడు దోరు.

శరదృతువు వెళ్ళేసరికి ప్రొఫిరా ఎడమ కన్ను పూర్తిగా పోయింది. ఆపరేషన్ ఎందుకు కాలేదని ఊళ్ళో వాళ్ళు ఆరా తీయడం సహజమే. ఎనిమిది వేలు చదివించిన కుటుంబానికి డబ్బు లేదంటే ఎవరు నమ్ముతారు? కారణం వేరే ఉండాలి. వెతకనక్కర్లేకుండానే కారణం డ్రైవింగ్ స్కూలు కారులో రోజూ వీధిలో తిరుగుతూ కనిపించింది. కళ్ళ కోసం దాచిన ఏడు వేలూ పేకలో పోయాయన్న మాట చెవిన పడ్డాక ఫాదర్ ఇరిమియా స్వయంగా ఇంటికి వచ్చారు.

"నాయనా తిబేరియూ, ఈ ఇంట్లో డబ్బు ఎందుకు నిలవడం లేదో ఎప్పుడైనా ఆలోచించావా?"

"ఆలోచించాను ఫాదర్ గారూ" అన్నాడు తిబేరియు. మాటలతో పని జరగదని, కంప్యూటర్ తెరిచి తన ఖాతా చూపించాడు. రెండు వందల ముప్పై ఒక్క లెయి. ఏడాదికి పైగా ఒక్క లెయి కూడా ఇంటి నుంచి అందులోకి పోలేదని, అది పెరిగిందే తప్ప తరగలేదని వివరించబోయాడు.

ఫాదర్ గారు కళ్ళద్దాలు సవరించుకుని ఆ అంకెను చాలాసేపు చూశారు. ఆయన ముఖంలో నిజమైన దుఃఖం కనిపించింది.

"ఏడు వేలకు ఇదా మిగిలింది?" అన్నారు.

మూల మంచం మీంచి ప్రొఫిరా నిట్టూర్చింది. ఆ ఏడు వేలు ఎక్కడికి పోయాయో లోకంలో అందరికన్నా బాగా తెలిసింది ఆవిడకే. తిబేరియు ఆవిడ వైపు తిరిగి, ఒక్క మాట చెబుతుందేమోనని ఎదురుచూశాడు.

"ఏం చెప్పను ఫాదర్ గారూ" అంది ప్రొఫిరా. "మా అల్లుడు మంచివాడే. పేక ముట్టుకుంటాడు, అంతే."

తిబేరియు ఆ సాయంత్రమే ఖాతా మూసేశాడు. ఊరు హర్షించింది. మరుసటి ఆదివారం ప్రార్థనలో అతని పేరు మారుమనస్సు పొందిన వారి వరుసలో చదివారు. వెనక్కి తీసుకున్న రెండు వందల ముప్పై ఒక్క లెయి పై శనివారం ఊళ్ళో జరిగిన ఇంకో పెళ్ళి కవరులో పడింది. సరిపోక, అతను జీవితంలో మొదటిసారి వడ్డీ కంపెనీలో సంతకం పెట్టాడు. అక్కడి గుమాస్తా లేచి నిలబడి చెయ్యి కలిపాడు.

ప్రొఫిరాకు ఇప్పుడు ఏ పెళ్ళిలోనైనా మొదటి వరుసలో, మైకుకు దగ్గరగా కుర్చీ వేస్తున్నారు. ప్రతి అంకెకూ ఆవిడ ముఖం పైకెత్తి వింటుంది, పక్కవాళ్ళు పేరు చెబితే తల పంకిస్తుంది. ఆ బల్ల దగ్గర మరో కుర్చీ ఖాళీగా ఉంది. ఇంత దూరం శ్రద్ధగా విని, పాపం ముసలామె అని జాలిపడిన మీకోసమే వేయించాం, తప్పకుండా దయచేయండి. కవరులో ఎంత పెడుతున్నారని మేం అడగం. మైకులో వింటాం.